గట్టు మీద పన్నెండు వారాలు

మొదలుపెట్టక ముందు

కెమెరాలో ఆటో మోడ్ వదిలేసి రెండేళ్లయింది. షట్టర్ స్పీడు పెంచితే ఏమవుతుందో, అపెర్చర్ (లెన్సులో వెలుగు దూరే రంధ్రం) మూస్తే ఏమవుతుందో, తక్కువ వెలుగులో ఫోటోని ప్రకాశవంతం చేసే ఐఎస్ఓని ఎక్కడిదాకా లాగొచ్చో తెలుసు. కెమెరా దిద్దకుండా వదిలే రా ఫైళ్లలోనే తీస్తున్నాను. అయినా ఏడాదిగా నా ఫోటోలు ఉన్నచోటే ఉన్నాయి. బాగాలేవని ఎవరూ అనరు. “బాగుంది” అనేసి వేలితో పక్కకి జరిపేస్తారు. అదే బాధ.

పోయిన నెల ఒక స్నేహితుడికి నలభై ఫోటోలు చూపించాను. వాడు నాకన్నా చాలా ముందునుంచి పక్షుల్ని తీస్తున్నాడు. పదో ఫోటో దగ్గర ఆగి, “ఒరేయ్, ఇందులో నన్ను దేన్ని చూడమంటావు?” అన్నాడు. చెట్టుంది, నీళ్లున్నాయి, మబ్బులున్నాయి, ఓ మూల కొంగ కూడా ఉంది. నాకు నోట మాట రాలేదు.

అందుకే ఈ డైరీ. నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒకే చెరువు. వారానికి కనీసం రెండు ఉదయాలు. ఉన్న సామానే: ఏపీఎస్-సీ అనే చిన్న సైజు సెన్సర్ ఉన్న కెమెరా, 18-55, 70-300 మి.మీ. లెన్సులు, ఒక ట్రైపాడ్. వారానికి ఒక్క విషయం మీదే సాధన. పన్నెండు వారాలయ్యాక పన్నెండు ఫోటోలు మిగలాలి.

1వ వారం

రెండు ఉదయాలు, 412 ఫ్రేములు. ఎప్పటిలా చెడ్డవాటిని చెరిపేయకుండా, ఎందుకు చెడిపోయాయో చూసి కుప్పలు పోశాను. చెయ్యి వణికినవి ఒక కుప్ప, ఫోకస్ తప్పినవి ఒకటి, తెలుపు కాలిపోయినవి ఒకటి, అసలేం తీశానో నాకే అర్థం కానివి ఒకటి.

వణుకు కుప్పే పెద్దదవుతుందనుకున్నాను. అది అన్నిట్లోకీ చిన్నది. లెన్సు ఫోకల్ లెంగ్త్‌ని (మి.మీ.లో) నా చిన్న సెన్సర్ కోసం 1.5తో గుణించి, సెకనులో అన్నో వంతుకన్నా నెమ్మదిగా షట్టర్ పెట్టకూడదన్న పాత లెక్క ఒంటబట్టినట్టుంది. 300 మి.మీ. దగ్గర అది 1/450 అవుతుంది, నేను 1/500 పెడతాను. ఆ లెక్క మన చేతి వణుకు వరకే పనికొస్తుంది, పక్షి కదిలితే చాలదు. అది వేరే వారం పని.

అన్నిటికన్నా పెద్ద కుప్ప చివరిది. సగానికి పైగా అందులోకే వెళ్లాయి. ఫోకస్ సరిగ్గానే ఉంది, వెలుగూ సరిగ్గానే ఉంది. కానీ కొంగ నెత్తి మీంచి ఎండుకొమ్మ మొలిచినట్టుంటుంది. లకుముకి పిట్ట వెనకాల తెల్లటి ఆకాశం ముక్క పిట్టకన్నా ముందు కంట్లో పడుతుంది. కొత్త లెన్సు కొంటే ఈ కుప్ప తగ్గుతుందా అని నన్ను నేనే అడిగి చూసుకున్నాను. తగ్గదు. ఆ ఎండుకొమ్మ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, అంతే.

2వ వారం: తెలుపు

కెమెరా మీటరుకి ఏది తెలుపో ఏది నలుపో తెలియదు, దేన్ని చూసినా మధ్యరకం బూడిదరంగు వెలుగుకి తెచ్చిపెడుతుంది. కాబట్టి తెల్లటిదాన్ని తీసేటప్పుడు మీటరు లెక్కని వెలుగు ఎక్కువతక్కువలకి దిద్దే కాంపెన్సేషన్‌ని ప్లస్ వైపు తిప్పాలని ఎప్పుడో నేర్చుకున్నాను. కొంగ మీద అదే చేశాను. ఈకలన్నీ మాయమై, తెల్లకాగితం కత్తిరించి నీళ్లమీద అతికించినట్టు వచ్చింది.

ఇంటికొచ్చి చూసుకుంటే తెలిసింది. ఫ్రేములో కొంగ ఎంత? ఇరవయ్యో వంతు ఉంటుందేమో. మిగిలినదంతా నీడలో ఉన్న నల్లటి నీళ్లు. మీటరు లెక్కలోకి ఎక్కువగా వచ్చింది ఆ నీళ్లే. వాటిని బూడిదరంగుకి లేపే ప్రయత్నంలో కొంగని కాల్చేసింది, పైగా నా ప్లస్ ఒకటి ఆజ్యం పోసింది. మర్నాడు మైనస్ 1.3 పెడితే ఈకల గీతలు వచ్చాయి. ఆ మర్నాడు పొగమంచు, ఫ్రేమంతా తెలుపే. అక్కడ మాత్రం ప్లస్ 1 పెట్టేదాకా మంచు మంచులా లేదు, మురికిపట్టిన దుప్పటిలా ఉంది. “తెలుపైతే ప్లస్” అనేది సగం సూత్రం. ఫ్రేములో ఆ తెలుపు వాటా ఎంత అనేది రెండో సగం. ఇన్నాళ్లూ నాకు మొదటి సగమే తెలుసు.

ఎర్ర కలువ దగ్గర ఇంకో దెబ్బ తగిలింది. ఫోటోలో చీకటివెలుగుల వాటాలు చూపే పటం, అంటే హిస్టోగ్రాం, కుడి గోడకి (వెలుగు కాలిపోయే హద్దుకి) ఎక్కడా తగల్లేదు, అయినా రేకుల మీద ఛాయలన్నీ కలిసిపోయి ఎర్రముద్ద అయింది. మూడు రంగుల హిస్టోగ్రాములూ విడివిడిగా తెరిస్తే ఎరుపు ఒక్కటే గోడకి గుద్దుకుని కనిపించింది. మొత్తం వెలుగు చూపే హిస్టోగ్రాంలో పచ్చరంగుకి వాటా ఎక్కువ, అందుకే ఎరుపు ఒక్కటే పొంగిపోతే అందులో బయటపడదు. ఇక నుంచి పూల దగ్గర మూడు రంగుల హిస్టోగ్రామే.

ఇంకొకటి కూడా కొలుచుకున్నాను. తెరమీద కనిపించే హిస్టోగ్రాం కెమెరా లోపల తయారయ్యే జేపెగ్‌ది, రా ఫైల్లో ఇంకాస్త చోటుంటుంది. ఆ కాస్త ఎంతో తెలియాలి కదా. ఒకే దృశ్యాన్ని మూడోవంతు స్టాపు (ఒక స్టాపంటే వెలుగు రెట్టింపు) చొప్పున, క్లిక్కు వెంట క్లిక్కు పెంచుకుంటూ తీసి, కంప్యూటర్లో ఏది తిరిగొస్తుందో చూశాను. నా కెమెరాలో హైలైట్ల (బాగా వెలుగున్న చోట్ల) హెచ్చరిక మెరవడం మొదలయ్యాక ఇంకో రెండు క్లిక్కుల దాకా వచ్చింది. మూడో క్లిక్కుకి పోయింది. ఎవరి కెమెరాకి వాళ్లు కొలుచుకోవలసిన సంగతి ఇది. అరగంట పని.

3వ వారం: రోజుకి పన్నెండు

1927 ఏప్రిల్ 10న అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ కాలిఫోర్నియాలోని యోసెమిటీలో హాఫ్ డోమ్ కొండని తీయడానికి ఫోటో పడే గాజు ప్లేట్లు మోసుకుని పైకెక్కారు. అనుకున్న చోటికి చేరేసరికి మిగిలినవి రెండే. మొదటిదాన్ని పసుపు ఫిల్టరుతో తీశాక, తన మనసులో ఉన్న నల్లటి ఆకాశం అందులో రాదనిపించింది. చివరి ప్లేటుకి ముదురు ఎరుపు ఫిల్టరు పెట్టారు. లోకానికి తెలిసింది ఆ చివరిదే. నాకు ఈ కథలో నచ్చేది ఫిల్టరు కాదు. రెండే మిగిలినప్పుడు మనిషి ఎంతలా ఆలోచిస్తాడో అది.

కాబట్టి ఈ వారం రోజుకి పన్నెండు ఫ్రేములే. కెమెరా ఎత్తే ముందు నా స్నేహితుడి ప్రశ్న నాకు నేనే వేసుకోవాలి, పైకి వినపడేలా. దేన్ని చూడమంటావు? ఒక్క మాటలో జవాబు రాకపోతే నొక్కకూడదు.

మొదటి రోజు నలభై నిమిషాల్లో పన్నెండూ అయిపోయాయి. ఆ తర్వాతే అసలు వెలుగు వచ్చింది. మబ్బు చీలి అవతలి గట్టు మీద రెల్లు మాత్రమే బంగారంలా వెలిగింది. చేతులు కట్టుకుని నిలబడి చూశాను. రెండో రోజు పిసినారితనంతో ఏడు మిగుల్చుకుని ఇంటికొచ్చాను. అదీ తప్పే. మూడో రోజుకి కాస్త దారిలో పడ్డాను. కెమెరా ఎత్తకుండా ఎక్కువ నడుస్తున్నాను. నాలుగడుగులు ఎడమకి, కిందకి వంగి, మళ్లీ వెనక్కి. ఇంతకుముందు నేను ఆగిన చోటే నిలబడి జూమ్ తిప్పేవాడిని.

4వ వారం

వాన. లెన్సులో తేమ పట్టింది. రెండు రోజులు సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో పడుకుంది. ఒక్క ఫోటో లేదు.

5వ వారం: తూనీగలు

తెల్లవారగానే వెళ్లాలి. చలి ఉదయాల్లో తూనీగ వెంటనే ఎగరలేదు, రెక్కల కండరాలు వేడెక్కాలి. ఎగరబోయే ముందు రెక్కల్ని వణికిస్తూ వేడి పుట్టించుకుంటుంది. వణకడం మొదలైందంటే ఇక ఎక్కువసేపు ఉండదని అర్థం. గాలి కూడా ఆ వేళకే సన్నగా ఉంటుంది. నేల వేడెక్కాక గడ్డి ఊగడం మొదలవుతుంది.

నా 70-300 అన్నిటికన్నా దగ్గరగా ఫోకస్ చేస్తే వస్తువు అసలు సైజులో నాలుగోవంతు సెన్సర్ మీద పడుతుంది. ఆ దూరంలో ఎఫ్ 8 (ఎఫ్ సంఖ్య పెరిగే కొద్దీ అపెర్చర్ మూసుకుంటుంది) దగ్గర స్పష్టంగా ఉండే లోతు దాదాపు ఆరు మిల్లీమీటర్లు. తూనీగ రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి ఏడు సెంటీమీటర్లు. ఏటవాలుగా తీసినన్నాళ్లూ ఒక రెక్క కొసా తలా బాగుండి, మిగతాదంతా పొగే. సరే, అపెర్చర్ మూద్దామని ఎఫ్ 16కి వెళ్లాను. లోతు రెట్టింపైంది గానీ షట్టర్ 1/30కి పడిపోయింది, గడ్డిపరక ఊపుకి మొత్తం చెదిరిపోయింది. ఐఎస్ఓ పెంచితే రెక్కల మీది సన్నటి గీతలు గింజల్లాంటి మచ్చల్లో కలిసిపోయాయి. ఒకటి సర్దితే ఇంకొకటి చెడింది.

మూడో ఉదయం చిక్కు విడింది. మీటల్లో దేన్నీ మార్చలేదు. తెల్లవారుజామున తూనీగ గడ్డికాడని నిలువునా పట్టుకుని వేలాడుతుంది, రెక్కలు చాచి ఉంటాయి. అంటే ఆ రెక్కలన్నీ ఒకే పలక మీద ఉన్నాయి, ఆ పలక నేలకి నిటారుగా ఉంది. కెమెరా వెనకభాగాన్ని ఆ పలకకి సమాంతరంగా పెడితే ఆరు మిల్లీమీటర్లే చాలు. మోకాళ్ల మీద కుదరలేదు, బోర్లా పడుకోవలసి వచ్చింది. ఎఫ్ 8, 1/160. నాలుగు రెక్కలూ కొసల దాకా వచ్చాయి.

పడుకోవడం వల్ల అనుకోని లాభం ఒకటి. నిలబడి తీసినప్పుడు తూనీగ వెనకున్నది రెండడుగుల దూరంలోని గడ్డి. పడుకుంటే వెనకున్నది చెరువు అవతలి గట్టు. అదే అపెర్చర్, అదే లెన్సు. మొన్నటి ఎండుపుల్లల గజిబిజి పోయి వెనకాల ఒకే పచ్చరంగు. మొదటి వారం నాలుగో కుప్ప గుర్తొచ్చింది. వెనకాల గజిబిజి ఉంటే అపెర్చర్ తెరవాలనుకునేవాడిని. దానికన్నా ఒళ్లు వంచడం ఎక్కువ పనిచేస్తుంది. చొక్కా మాత్రం బురద.

6వ వారం: లెన్సు మీద అనుమానం

ఆలస్యంగా లేచి పదింటికి వెళ్లాను. చెరువు అవతల కొంగల గుంపు. ట్రైపాడ్, 1/2000, ఫోకస్ పాయింటు సరిగ్గా కంటి మీద. ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే ఒక్కటీ పదునుగా లేదు. తడిసిన లెన్సు కదా, లోపల ఏదో కదిలిందని, లేదా బూజు పట్టిందని ఖాయం చేసుకున్నాను. రాత్రి పదకొండు దాకా కొత్త లెన్సుల వివరాలు చదువుతూ కూర్చున్నాను. దానికి సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

మర్నాడు పరీక్ష పెట్టాను. అవతలి గట్టు మీద గీతలున్న బండ ఒకటుంది. ఆరున్నరకి పది ఫ్రేములు, పదిన్నరకి అదే చోటునుంచి పది ఫ్రేములు. పొద్దుటివి పదీ పదునుగా ఉన్నాయి. పదిన్నరవాటిలో ఏ రెండూ ఒకేలా లేవు. ఒకదాంట్లో బండ ఎడమ అంచు వంకర, ఇంకోదాంట్లో కుడి అంచు. పదింటిలో ఒకటి కాస్త బాగుంది. లెన్సులో లోపమైతే ప్రతి ఫ్రేములోనూ అదే చోట అదే లోపం ఉండాలి. ఇది వేడిగాలి. గట్టు మీదా నీళ్ల మీదా గాలి పొరలు ఒక్కొక్కటి ఒక్కో వేడిలో ఉండి వెలుగుని వంచేస్తున్నాయి. దూరం పెరిగే కొద్దీ ఆ వంపులు పేరుకుంటాయి. దీనికి ఎంత మంచి లెన్సూ మందు కాదు. దగ్గరికి వెళ్లాలి, లేదంటే పెందలాడే లేవాలి. చలి ఉదయాల్లో కూడా నీళ్లు గాలికన్నా వెచ్చగా ఉంటే ఇదే జరుగుతుంది కాబట్టి తెల్లవారుజాము అన్నిసార్లూ భద్రం కాదు.

లెన్సుకి మనసులో క్షమాపణ చెప్పుకున్నాను.

7వ వారం: మొత్తం చెరువు

ముందున్న రాళ్ల నుంచి అవతలి గట్టు దాకా అన్నీ స్పష్టంగా కావాలంటే ఎఫ్ 22 అని అలవాటు. ఎఫ్ 11తో పక్కపక్కన పెట్టి చూస్తే ఎఫ్ 22లో ఫ్రేమంతా మెత్తబడింది, సన్నటి రంధ్రంలో వెలుగు చెదిరే డిఫ్రాక్షన్ అది. 18 మి.మీ., ఎఫ్ 11 దగ్గర నా సెన్సర్‌కి హైపర్‌ఫోకల్ దూరం మీటరున్నర. అక్కడ ఫోకస్ చేస్తే ముప్పావు మీటరు నుంచి అనంతం దాకా సరిపోతుంది. సరిపోతుంది, అంతే. అవతలి గట్టే ముఖ్యమైన ఫోటోకి నేను ఇంకాస్త దూరంగా ఫోకస్ చేసి ముందు రాయిని కొంచెం వదులుకుంటాను.

గాలికి ట్రైపాడ్ కదలకూడదని నడిమి కొక్కేనికి సంచి తగిలించాను. సంచే ఊగి ట్రైపాడ్‌ని ఊపింది. సంచి అడుగు నేలకి ఆనేలా వేలాడదీస్తే కుదురుకుంది.

8వ వారం: ఫిల్టర్లు

నీళ్ల మెరుపు తగ్గించి, ఆకాశాన్ని ముదురు చేసే పోలరైజర్ ఫిల్టరు అరువు తెచ్చాను. సూర్యుడికి తొంభై డిగ్రీల దిశలో ఆకాశం మీద దాని పని ఎక్కువ. చూపుడువేలు సూర్యుడి వైపు, బొటనవేలు దానికి లంబంగా పెట్టి మణికట్టు తిప్పితే బొటనవేలు చూపే వైపల్లా ఆ దిశే. 18 మి.మీ. దగ్గర అదే ఇబ్బంది తెచ్చింది. ఆకాశం సగం ముదురు నీలం, సగం లేత. వెడల్పు లెన్సుతో ఆకాశం మీద ఇక వాడను.

నీళ్ల మీద మెరుపు తీసేయడానికి కెమెరా చూపు నీటిమట్టానికి ముప్పై ఏడు డిగ్రీల దగ్గర ఉంటే బాగా పనిచేస్తుంది. తిప్పి తిప్పి మెరుపంతా తీసేశాను. కలువ కాడలు అడుగుదాకా కనిపించాయి. ఫోటో మాత్రం చచ్చిపోయింది. చెరువు చెరువులా లేదు, అద్దం తీసేసిన చట్రంలా ఉంది. సగం వెనక్కి తిప్పాక ఊపిరి వచ్చింది. ఒకటిన్నర, రెండు స్టాపుల వెలుగు తింటుందని కూడా గుర్తుంచుకోవాలి.

తూము దగ్గర వెలుగుని ఆరు స్టాపులు తగ్గించే ఎన్‌డీ ఫిల్టరుతో 1/15 కాస్తా నాలుగు సెకన్లయింది. నీళ్లు పాలయ్యాయి. అందరికీ నచ్చుతుంది, నాకెందుకో నచ్చదు. ఫిల్టరు తీసేసి 1/4 దగ్గర తీసినదాంట్లో నీటికి బరువుంది. అదే ఉంచాను.

9వ వారం: ఎగిరేవి

ఇన్నాళ్లూ నా ఫోటోల్లో ఎగిరే కొంగలన్నీ నాకు వీపు చూపించేవి. నన్ను చూసి పారిపోతున్నాయనుకున్నాను. కొంత నిజమే. కానీ పెద్ద పక్షులు గాలికి ఎదురుగా లేస్తాయి. గాలి నా ముఖానికి కొడుతుంటే అవి నాకు వీపు తిప్పే లేస్తాయి. గాలి నా వీపుకి తగులుతుంటే నావైపే వస్తాయి. పొద్దున సూర్యుడు తూర్పున ఉంటాడు కాబట్టి, గాలి కూడా తూర్పు నుంచే వచ్చే రోజున తూర్పు గట్టు మీద నిలబడితే వెలుగు నా వెనకనుంచి పడుతుంది, రెక్కలు నాకు ఎదురుగా ఉంటాయి. వారంలో అలాంటి ఉదయం ఒక్కటే దొరికింది. ఆ ఒక్క ఉదయంలో వచ్చిన ఫోటోలు ఏడాది మొత్తంలో రాలేదు.

షట్టర్ 1/2000. ఎక్స్‌పోజర్ పూర్తిగా మాన్యువల్. కొంగ నల్లటి చెట్ల ముందునుంచి తెల్లటి ఆకాశం మీదికి వెళ్తుంటే ఆటో మీటరు చెట్లని చూసి ఒకలా, ఆకాశాన్ని చూసి ఒకలా మార్చేస్తుంది. కొంగ మీద పడే ఎండ మాత్రం మారడం లేదు. కాబట్టి కొంగకి ఒకసారి సరిచేసి, ఇక ముట్టుకోకూడదు.

చప్పుడు రాకూడదని ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టిన రోజు రెక్కలు విల్లులా వంగి వచ్చాయి. నా కెమెరా సెన్సర్‌ని పైనుంచి కిందకి వరస వెంట వరస చదువుతుంది, కిందికొచ్చేలోపు రెక్క జరిగిపోయింది. మెకానికల్ షట్టరుకి తిరిగొచ్చాను. చప్పుడైతే అయింది.

10వ వారం

రెల్లులో గూడు కనిపించింది. రెండు ఫ్రేములు తీశాను. తల్లి పక్కకొమ్మ మీద కూర్చుని ఆపకుండా అరుస్తోంది, గూటికి రావడం లేదు. అప్పటికి నాలుగు నిమిషాలు. వెనక్కొచ్చేశాను. దూరంగా కూర్చుని చూస్తే పావుగంటకి గూటిలోకి దిగింది. ఆ రెండు ఫ్రేములూ చెరిపేశాను. ఈ డైరీలో నేను చెరిపినవి అవి రెండే. పక్షి చేస్తున్న పని మానేసి నావైపు చూసిందంటే నేను అప్పటికే ఎక్కువ దగ్గరికి వెళ్లినట్టు. మిగతా వారమంతా ఆ వైపు వెళ్లలేదు.

11వ వారం: కెమెరా లేకుండా

రెండు ఉదయాలు చేతిలో పుస్తకం, పెన్సిలు మాత్రమే. లకుముకి పిట్ట ఏ కొమ్మ మీద వాలుతుందో, చేప పట్టాక ఎటు వెళ్తుందో రాసుకున్నాను. రెండు కొమ్మలు దానివి. ఒకదాని వెనకాల ఎక్కడ నిలబడి చూసినా ఆకాశమే, అది వదిలేశాను. రెండోదాని వెనకాల నాలుగు చోట్ల నుంచి ఏమేం పడుతుందో చూసి, నీడలో ఉన్న గట్టు పడే చోట నేల మీద రాయి పెట్టాను. మూడో ఉదయం ఆ రాయి పక్కన కూర్చుంటే యాభై నిమిషాలకి పిట్ట వచ్చింది. ఆరు ఫ్రేములు, చాలు. నీలం రంగు, వెనక చీకటి, మధ్యలో ఇంకేమీ లేదు.

12వ వారం

మొత్తం 2,100 పైచిలుకు ఫ్రేములు, ఉంచుకోదగినవి తొమ్మిది. పన్నెండు చేద్దామని ఇంకో మూడింటిని లాగి చూశాను. లాగినట్టే కనిపించాయి, తీసేశాను. తొమ్మిదిలో ఒకటి సాంకేతికంగా తప్పు. పొగమంచులో కొంగ, ఫోకస్ ముందున్న గడ్డి మీద పడింది. అయినా అదే అన్నిటికన్నా ముందు పెట్టాలనిపిస్తోంది.

నిన్న స్నేహితుడికి చూపించాను. ఈసారి దేన్ని చూడాలని అడగలేదు. ఎగిరే కొంగ దగ్గర ఆగి, చాలాసేపు చూసి, “కుడివైపు ఈ రెల్లు ఎందుకు ఉంచావురా?” అన్నాడు.

“రెక్క కొస అక్కడ ఆగితే బాగుంటుందని.”

“ఆగలేదుగా.”

ఆగలేదు. రెండడుగులు వెనక్కి ఉండాల్సింది. రేపు గాలి తూర్పు నుంచే అంటున్నారు. బ్యాటరీలు రెండూ ఛార్జింగులో ఉన్నాయి.